మస్తానమ్మ అంచు

హైమావతి మినప్పప్పు మూడో నీళ్ళు వంపుతుండగా కరుణాకరం వంటింటి గుమ్మంలో నిలబడి, "హైమా, నా అభిప్రాయం ఒకటి రాసి పెట్టు. సాయంత్రం ఆరులోపల పంపాల," అన్నాడు.

అన్నవాడికి నవ్వు రాలేదు, విన్న హైమావతికీ రాలేదు. పదహారేళ్ళ కాపురంలో అదొక అలవాటైపోయింది. కరుణాకరం అభిప్రాయాలన్నీ హైమావతే రాస్తుంది. పలకల యజమానుల సంఘం సభలో ఆయన చదివిన ఉపన్యాసం ఆమె రాసిందే. కరెంటు ఆఫీసుకి పెట్టిన అర్జీలూ అంతే. మొన్న కొత్త జిల్లాలు చేసేటప్పుడు అభ్యంతరాలుంటే పంపమని ప్రభుత్వం అడిగితే, మార్కాపురం జిల్లా ఎందుకు కావాలో రెండు పేజీల నిండా రాసిందీ ఆమే. ఆ రెండు పేజీలూ పేపర్లో పడ్డాయి, పక్కన కరుణాకరం ఫొటోతో. ఆ రోజు ఇంటికి వచ్చినవాళ్ళందరూ "ఎంత బాగా రాసినావు సామీ" అని భుజం తడుతుంటే, ఆయన తల వంచుకుని "ఏదో, ఊరి మీద బాధతో రాసినా" అన్నాడు. ఆ తల వంచుకోవడం ఒక్కటే ఆయన సొంతం. అప్పటికైతే జిల్లా రాలేదు గానీ, కాఫీ గ్లాసులు మాత్రం ఇరవై రెండు వచ్చాయి, సింకులోకి.

"దేని మీద అభిప్రాయం?" అంది హైమావతి గ్రైండర్ మూత తీస్తూ.

"అదే, సాఫ్ట్‌వేర్‌కి పేటెంటు ఇయ్యొచ్చా కూడదా అని ఢిల్లీ ఆఫీసు వాళ్ళు జనాన్ని అడుగుతన్నారు గదా. ఇయ్యాల్సిందే అని మన లాంటి పరిశ్రమల వాళ్ళు రాస్తే మన అప్లికేషన్‌కి బలమంట. హైదరాబాద్ పేటెంటు ఏజెంటు నమూనా పంపినాడు, నీ మెయిల్లో ఉంది. నాలుగు పేరాలు చాలు. నీకు పది నిమిషాల పని."

"సరే."

"ఇంకోటి. నిన్న మిషను వాళ్ళ ముందర రాళ్ళన్నీ చీలిపోయినాయి, పరువు పోయింది. ప్రోగ్రాంలో ఏందో తేడా వచ్చింది. అది గూడా ఒక పది నిమిషాలు చూడు."

బండి స్టార్టయిన చప్పుడు వినిపించింది. హైమావతి గ్రైండర్ తిప్పి, రాళ్ళ మీద పప్పు నలుగుతుంటే చూస్తూ నిలబడింది. తన రోజంతా పది నిమిషాల పనులే. పది నిమిషాల పని అని చెప్పింది ఏదీ పది నిమిషాల్లో అయిన పాపాన పోలేదు, అయినా పేరు మాత్రం అదే. దోసెల పిండి పది నిమిషాలు. అత్తగారి మోకాళ్ళకి తైలం పది నిమిషాలు. అమ్మాయి ఒంగోలు హాస్టల్ నుంచి ఫోన్ చేసి ఫిజిక్స్ లెక్క అడిగితే పది నిమిషాలు. ఒకసారి సరదాగా కూడింది. రోజుకు పంతొమ్మిది గంటలు తేలింది. మిగతా ఐదు గంటలు నిద్ర అనుకుంటే లెక్క చక్కగా సరిపోయింది. ఆ సంగతి కరుణాకరానికి చెబితే "చూడు, నీకు లెక్కలు ఎంత బాగా వస్తాయో!" అని మెచ్చుకున్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. చెయ్యెత్తి ఎరగడు, తాగడు, ఊళ్ళో అందరికీ మంచివాడు. ఈ మంచితనంతోనే వచ్చింది తంటా అంతా. చెడ్డవాడితో పోట్లాడితే నలుగురూ మన పక్కన నిలబడతారు, మంచివాడితో పోట్లాడితే నలుగురూ కలిసి మనకే నచ్చచెబుతారు.

"మన అప్లికేషన్" కథ మధ్యాహ్నపు క్యారియర్‌తో మొదలైంది. కరుణాకరానికి బయటి తిండి పడదు. అందుకని పన్నెండున్నరకి హైమావతి స్కూటీ మీద క్యారియర్ పెట్టుకుని ఊరి బయట పలకల షెడ్డుకి వెళ్ళాలి, ఆయన తిని చెయ్యి కడిగేదాకా ఆగి, ఖాళీ గిన్నెలతో తిరిగి రావాలి. ఆగే నలభై నిమిషాలూ ఏం చెయ్యాలో ఎవరూ చెప్పలేదు. పెళ్ళికి ముందు గిద్దలూరులో కంప్యూటర్ సెంటర్‌లో పిల్లలకి ప్రోగ్రాములు నేర్పిన మనిషి ఊరికే కూర్చోలేదు గదా. చూస్తూ కూర్చుంది. వంకర టింకర రాళ్ళు లారీల్లో వచ్చి దిగేవి, గోడలకు అతికించే పలకలుగా కోసేవారు. వచ్చిన రాయిలో సగం తుక్కైపోయేది. మార్కాపురం చుట్టూ కొండల్లా పడి ఉన్న ఆ తుక్కు గుట్టల్ని పుట్టినప్పటి నుంచి చూసే జనానికి అందులో వింతేమీ లేదు. ఒక ముద్ద అన్నం పారేస్తే అత్తగారు మూడు తరాలు తిట్టే ఇంట్లోంచి వచ్చిన హైమావతికి మాత్రం అంత రాయి పారేస్తుంటే చూడబుద్ధి కాలేదు.

అత్తగారు రామతులసమ్మ మధ్యాహ్నం రెండింటి నుంచి నాలుగు దాకా పడుకుంటుంది. ఆ రెండు గంటల్లో, అమ్మాయి వదిలేసిన పాత లాప్‌టాప్ మీద హైమావతి ఒక ప్రోగ్రాం రాసింది. రాయి కొలతలు ఐదు చోట్ల తీసి ఇస్తే, ఏ సైజు పలక ఎక్కడ కోస్తే తక్కువ తుక్కు పడుతుందో గీతలు గీసి చూపిస్తుంది. ఆరు నెలలు పట్టింది. తీరా షెడ్డులో వేసి చూస్తే, అది చెప్పినట్టు కోసిన మూడు పలకల్లో ఒకటి పుటుక్కున చీలిపోయేది.

అప్పుడు మస్తానమ్మ నవ్వింది. షెడ్డులో ముప్పై ఏళ్ళుగా రాయి ఏరే పని ఆమెది. "నీ కంప్యూటరు రాయిని కొలిచింది గానీ, రాయి ఎటు పడుకోనుందో చూడలేదు హైమమ్మా," అంది. పక్కన కూర్చోబెట్టుకుని రాయిని వెలుతురుకి వాల్చి చూపించింది. కళ్ళు చిట్లిస్తే సన్నటి చారలు కనిపించాయి. ఆ చారలు ఎటు వాలితే అటు అంచు బలహీనమట. "అటేపు రెండేళ్ళు వదిలి కొయ్యాల. ఏళ్ళు అంటే నీ ఏళ్ళు గాదు, నాయి," అని రాయి మీద తన మోటు వేళ్ళు ఆనించి సుద్దతో గీత గీసింది. హైమావతి ఆ రెండు వేళ్ళనీ స్కేలు పెట్టి కొలుచుకుంది. ఏ వైపు వాలిందో ఒక గడిలో నింపేట్టు ప్రోగ్రాం మార్చి, ఆ కొలతకి "మస్తానమ్మ అంచు" అని పేరు పెట్టింది. ఆ తర్వాత రాళ్ళు చీలలేదు. తుక్కు సగానికి సగం తగ్గింది.

మొదటి ఏడాది కరుణాకరం ఆ ప్రోగ్రాంని "మా ఆవిడ టైంపాస్‌కి ఏదో చేసింది" అని చెప్పేవాడు. హైదరాబాద్ నుంచి మిషన్లు చేసే కంపెనీ వాళ్ళు వచ్చి, ఇది మా కటింగ్ మిషన్లో పెట్టుకుంటాం, పేటెంటు తీసుకుందాం అన్న రోజు నుంచి "మనం చేసింది" అయింది. మూడు వారాలు తిరిగేసరికి "నేను చేసింది" అయింది. అప్లికేషన్లో ఆవిష్కర్త అన్న చోట కరుణాకరం పేరు చూసి హైమావతి అడిగింది, నా పేరేదని. "నీ పేరు పెడితే నిన్ను మాటిమాటికీ హైదరాబాద్ తిప్పాల. మీటింగులు, సంతకాలు. ఇంట్లో అమ్మనెవరు చూస్తారు? నీకెందుకు ఆ తిప్పలు," అన్నాడు ఎంతో ప్రేమగా. రామతులసమ్మ మంచం మీద నుంచే తీర్పు చెప్పేసింది: "మగోడి పేరు మీదుంటే ఇంటి పేరు మీదున్నట్టే గదే. నేను ముప్పై ఏండ్లు కారప్పొడి దంచినా. మన దుకాణంలో సుందరరామయ్య కారప్పొడి అనే గదా అమ్మినారు మీ మామ. ఊరంతా ఇప్పటికీ ఆ పేరే చెప్తారు. నేనేమన్నా తరిగిపోయినానా?" అంది. తరిగిపోలేదని ఆవిడ గట్టిగానే చెప్పింది గానీ, ఎవరూ అడక్కుండా ఎందుకు చెప్పిందో హైమావతికి అర్థం కాలేదు అప్పట్లో.

ఇక ఆ వీడియో కాల్. అది తలుచుకుంటే ఇప్పటికీ నవ్వూ కోపమూ ఒకదాని వెంట ఒకటి తోసుకొస్తాయి. ఏజెంటు ప్రోగ్రాం అంతా తిరగేస్తూ, "సార్, ఇక్కడ మస్తానమ్మ అని ఉంది, ఏమిటిది?" అని అడిగాడు. కరుణాకరానికి ఆ ప్రోగ్రాంలో ఏ గడి ఎందుకుందో తెలియదు. తెలియదని చెప్పే అలవాటూ లేదు. ఒక్క క్షణం తడబడి, "అది మా ఇలవేల్పండీ. ఏ పని మొదలుపెట్టినా అమ్మవారి పేరు పెట్టుకుంటాం. సెంటిమెంటు," అనేశాడు. కాఫీ పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడిన హైమావతి నోట్లో కొంగు కుక్కుకుంది. నవ్వు ఆగాక ఒళ్ళు మండింది. ముప్పై ఏళ్ళ పనితనాన్ని ఒక్క మాటతో గుళ్ళోకి ఎక్కించేశాడు మహానుభావుడు! దేవతని చేశాక ఇక ఆమె పేరు కాగితాల్లో రాయనక్కర్లేదు, ఆమె వాటా అడగదు, ఆమెకి ఆకలి వెయ్యదు. తనని కూడా పండగ పండక్కీ "మా ఇంటి మహాలక్ష్మి" అంటాడు ఆయన. ఆ మాట ఇన్నాళ్ళూ ఎందుకు గొంతులో అడ్డం పడుతోందో ఆ రోజు తెలిసింది.

ఏజెంటు పద్ధతి గల మనిషి. సెంటిమెంటు సాంకేతిక విషయం కాదు కాబట్టి ఆ అంచుని శుభ్రంగా కొట్టేశాడు. కొట్టేసిన ప్రోగ్రామే మిషన్లో పెట్టారు. నిన్న కంపెనీ వాళ్ళ ముందు కోసిన రాళ్ళు నోళ్ళు తెరిచాయి. కరుణాకరం "ఈ లోడు రాయి మంచిది గాదు" అని సర్దుకున్నాడట.

పిండి గిన్నెలోకి తీసి, చెయ్యి కడుక్కుని హైమావతి లాప్‌టాప్ తెరిచింది. ఢిల్లీ వాళ్ళ ముసాయిదా మొత్తం చదివింది. ఒట్టి కంప్యూటర్ ప్రోగ్రాంకి పేటెంటు ఇవ్వకూడదని మన చట్టంలో ఒక మాట ఉంది. ఒట్టిది అంటే ఏది, దాన్ని ఒక యంత్రంలో పెట్టినంత మాత్రాన గట్టిదైపోతుందా, ఇదీ పేచీ. పెద్ద పెద్ద కంపెనీలు ఒకవైపు, చిన్నవాళ్ళు ఒకవైపు వాదించుకుంటున్నారు. చివర ఒక వాక్యం ఉంది, ప్రజలందరూ తమ అభిప్రాయాలు పంపవచ్చునని. ఆ వాక్యం దగ్గర హైమావతి ఆగిపోయింది. ప్రజలందరూ అన్నారు. ఇంటికొకరు అనలేదు, ఇంటి యజమాని అనలేదు. ఓటు వేసే రోజు తప్ప తను ప్రజల్లో ఉందన్న సంగతి ఆమెకి గుర్తొచ్చింది తక్కువే.

ఏజెంటు పంపిన నమూనాలో పేరు, వృత్తి ముందే నింపి ఉన్నాయి: కరుణాకరం, ఆవిష్కర్త, పారిశ్రామికవేత్త. దాని కింద ఏజెంటు ఇంకో కాగితం జతచేశాడు. పేటెంటు వస్తే ఈ పద్ధతిలో రాయి కోసే మిగతా షెడ్లన్నీ ఆపాలి, లేదా మన అనుమతి తీసుకోవాలి. ఉదాహరణకి ఇద్దరు ముగ్గురి పేర్లు కూడా ఇచ్చాడు. మొదటి పేరు కంభం రోడ్డులో ఆరుగురు ఆడవాళ్ళు కలిసి నడుపుకుంటున్న చిన్న షెడ్డు.

అది మస్తానమ్మ షెడ్డు. రెండేళ్ళ కిందట, పని నేర్చిన ఐదుగురిని వెంటబెట్టుకుని ఆమె కరుణాకరం షెడ్డులోంచి బయటికి వచ్చి, మూతపడ్డ పాత షెడ్డొకటి అద్దెకు తీసుకుంది. ఆమె మనవరాలి ఫోన్లో ప్రోగ్రాం వేసి ఇచ్చింది హైమావతే. ఆ సంగతి కరుణాకరానికి తెలుసు. పోయిన వారం హైమావతి అడిగింది కూడా, పేటెంటు వస్తే వాళ్ళ గతేంటని. "దానికేముంది, మళ్ళా మన షెడ్డులోకే రమ్మందాం, దినకూలికి. మనం పని ఇయ్యమంటామా ఏంది?" అన్నాడు. మంచివాడు గదా.

పన్నెండున్నరకి క్యారియర్ తీసుకుని షెడ్డుకి వెళ్ళింది. ఎండ నిప్పులు చెరుగుతోంది. షెడ్డు మూల నిన్నటి చీలిన పలకలు కుప్పగా పడి ఉన్నాయి. అన్నీ ఒకే వైపు చీలాయి. చారలు వాలిన వైపు.

కరుణాకరం గోంగూర పప్పు కలుపుకుంటూ, "రాసినావా?" అన్నాడు.

"రాస్తన్నా."

"ఈ రాళ్ళ సంగతి చూసినావా?"

"చూసేదేముంది. మీ ఇలవేల్పు అలిగింది."

"ఏంది?"

"మస్తానమ్మ అంచు తీసేసినారు గదా. అది అమ్మవారు గాదు. రాయి ఎటు వాలిందో చెప్పేది అదే. అది లేకుంటే మీ మిషను గూడా చీల్చడానికే పనికొస్తాది."

కరుణాకరం ముద్ద ఆపి ఆలోచించాడు. ఇప్పుడైనా, ఇది నాకు తెలియని పని, మీ ఇద్దరిదీ అని ఒప్పుకుంటాడేమోనని హైమావతి చూసింది. నిజంగానే చూసింది. అంత అమాయకపు ఆశ తనలో ఇంకా మిగిలినందుకు తర్వాత తనమీద తనకే జాలి వేసింది.

"అట్లనా! మరి ముందే చెప్పొద్దా? సరే, మళ్ళా పెట్టెయ్యి. కాకపోతే ఆ పేరు వద్దు, ఏజెంటుకి ఇలవేల్పని చెప్పేసినా. వేరే పేరు పెట్టు."

"ఏం పేరు పెట్టమంటారు?"

"కరుణాకరం అంచు అని పెట్టు," అన్నాడు, మజ్జిగ పోసుకుంటూ. అందులో దొంగతనం ఏ మూలా లేదు. ఉప్పందుకో అన్నంత మామూలుగా అన్నాడు.

హైమావతికి కోపం కూడా రాలేదు. కోపం దాటిపోయి, ఎండాకాలం మోటారు బావిలో నీళ్ళు తేటపడ్డట్టు లోపలంతా తేటగా అయింది. గిన్నెలు సర్దుకుని, ఇంటి దారి పట్టకుండా కంభం రోడ్డు వైపు స్కూటీ తిప్పింది.

మస్తానమ్మ షెడ్డులో ఆడవాళ్ళు అన్నాలు తిని నీడలో కూర్చున్నారు. కొత్తగా పనికి చేరిన పిల్లొకతె మస్తానమ్మ ముందు గొంతుక్కూర్చుని ఉంది. ఈ పనిలో ఒక ఆనవాయితీ ఉంది. కొత్త మనిషి చేతికి మొదటి రాయి ఇచ్చేటప్పుడు, నేర్పే ఆమె తనకి నేర్పిన ఆమె పేరు చెప్పి ఇవ్వాలి. మస్తానమ్మ రాయిని వేలిముడితో తట్టి, "మా అత్త నరసమ్మ నాకిచ్చింది, నేను నీకిస్తన్నా. చూసి కొయ్యి," అని ఆ పిల్ల చేతిలో పెట్టింది. అంతే. మంత్రం లేదు, కొబ్బరికాయ లేదు. హైమావతి ఈ తంతు ఎన్నోసార్లు చూసింది. ఈసారి మాత్రం మనసు ఝల్లుమంది. ఢిల్లీ వాళ్ళు అన్ని పేజీల్లో తల పట్టుకుంటున్న ప్రశ్నకి సగం జవాబు ఈ షెడ్డులో సుద్దముక్క పక్కన పడి ఉంది!

"మస్తానక్కా, నీ పేరు ఢిల్లీకి రాయాలనుకుంటన్నా. రాయొచ్చా?"

"ఢిల్లీకా! నేనేం తప్పు చేసినా?"

హైమావతి కూర్చుని అంతా చెప్పింది. ఇలవేల్పు సంగతి వచ్చేసరికి ఆడవాళ్ళు విరగబడి నవ్వారు. ఒకామె లేచి మస్తానమ్మకి దండం పెట్టి, "తల్లీ, నా మోకాళ్ళ నొప్పులు తగ్గించు," అంది. "ముందు నాయి తగ్గనీ," అంది మస్తానమ్మ. షెడ్డు మూయించే సంగతి వచ్చేసరికి నవ్వులు ఆగిపోయాయి.

"అంటే, మేం కోసే తీరు మేమే కొయ్యగూడదా?" అంది మస్తానమ్మ.

"వాళ్ళ అప్లికేషన్ గెలిస్తే అట్లనే అయితది."

"నాకు నేర్పింది మా అత్త. ఆమెకి నేర్పింది ఎవరో. ఎవరు నేర్పితే వాళ్ళ పేరు చెప్పుకున్నాం, అంతేగానీ తాళమేసుకునేది ఏముంది దీంట్లో?" మస్తానమ్మ కొంగుతో చేతులు తుడుచుకుని, "రాయి. నా పేరు రాయి. మా అత్త పేరు గూడా రాయి. నీ పేరు ముందు రాయి, హైమమ్మా. కంప్యూటరుకి నేర్పింది నువ్వు గదా," అంది.

నీ పేరు ముందు రాయి. ఇంతమందిలో ఆ మాట అన్నది మస్తానమ్మ ఒక్కతే. హైమావతి కళ్ళు నిండాయి. తుడుచుకోకుండానే లేచింది.

ఇంటికి వచ్చేసరికి రామతులసమ్మ నిద్రపోతోంది. ఫ్యాను కింద లాప్‌టాప్ తెరిచి, నమూనాలో ఉన్నదంతా చెరిపేసింది. పేరు అన్నచోట హైమావతి అని కొట్టింది. వృత్తి దగ్గర చెయ్యి ఆగింది. రేషన్ కార్డులో గృహిణి. బ్యాంకులో ఆ అమ్మాయి ఏం పని చేస్తారని అడిగితే పక్కనుంచి కరుణాకరం "ఏం లేదు, ఇంట్లోనే" అన్నాడు. ఏం లేదు అనే పనికి రోజుకు పంతొమ్మిది గంటలు. ఆలోచించి, "ప్రోగ్రాములు రాస్తాను, జీతం లేదు," అని కొట్టింది.

తర్వాత తడుముకోలేదు. పదహారేళ్ళుగా ఇంకొకరి గొంతుతో రాసి రాసి తన గొంతు ఎలా ఉంటుందో మరిచిపోయాననుకుంది గానీ, అది ఎక్కడికీ పోలేదు, పిలిస్తే పలికింది. తెలుగులో రాసి, దాని కిందే ఇంగ్లీషులో మళ్ళీ రాసింది.

"అయ్యా, పలక రాయి కోసే ప్రోగ్రాం ఒకటి రాశాను. అందులో లెక్క నాది. రాయి గురించిన తెలివి మస్తానమ్మది. ఆమెకి నేర్పింది ఆమె అత్త నరసమ్మ. ఈ ప్రోగ్రాం మీద నా భర్త పేరుతో పేటెంటు అడుగుతున్నారు. ఆయన దీన్ని రాయలేదు. మస్తానమ్మ అంచు అన్న లెక్క ఎందుకుందని అడిగితే అది మా ఇలవేల్పు పేరని చెప్పారు. మస్తానమ్మ దేవత కాదు. ఆమెకి ఆధార్ కార్డు ఉంది, మోకాళ్ళ నొప్పులున్నాయి, కంభం రోడ్డులో షెడ్డు ఉంది. రెండేళ్ళుగా ఆ షెడ్డులో ఈ ప్రోగ్రాంతోనే, అందరూ చూస్తుండగానే రాయి కోస్తున్నారు. అప్పటి ఫొటోలు తేదీలతో సహా జతచేస్తున్నాను.

ఒట్టి ప్రోగ్రాంకి, దాన్ని ఏ యంత్రంలో దూర్చినా సరే, పేటెంటు ఇవ్వవద్దని నా అభిప్రాయం. ప్రోగ్రాం అంటే ఎవరో ఒకరి చేతి పనిని చూసి రాసుకున్న లెక్క. ఆ చెయ్యి ఎక్కువసార్లు ఆడదానిది, దానికి కాగితాల్లో పేరుండదు. కాగితాలు ఉన్నవాడికి తాళం ఇస్తే, పని తెలిసినవాళ్ళు బయట నిలబడతారు. మా షెడ్లలో పని నేర్పేటప్పుడు, నేర్పినవాళ్ళ పేరు చెప్పి చేతికిస్తారు. అందువల్ల పని ఎవరిదీ పోలేదు, పేరూ పోలేదు. నేనూ అట్లాగే ఇస్తున్నాను. ప్రోగ్రాం మొత్తం ఈ రోజు ఇంటర్నెట్లో అందరికీ కనిపించేలా పెట్టాను. ఎవరైనా వాడుకోవచ్చు. మా పేర్లు చెప్పి వాడుకోండి."

ఒక నకలు ఏజెంటుకి కూడా వెళ్ళేట్టు పెట్టి, పంపే మీట నొక్కింది. బియ్యంలో మట్టిగడ్డ ఏరి పారేసినంత తేలిగ్గా ఉంది.

"ఏం రాస్తన్నావే అంత మురిపెంగా?" రామతులసమ్మ ఎప్పుడు లేచిందో, మంచం మీద కూర్చుని చూస్తోంది.

"నా పేరు రాసినా అత్తయ్యా. ఢిల్లీకి. ఆ ప్రోగ్రాం నాదని."

తిట్లు పడతాయనుకుంది. రామతులసమ్మ కాళ్ళు కిందికి దించి చాలాసేపు అరచేతులు చూసుకుంది. "మీ మామ రోలు దగ్గరికి ఎప్పుడూ రాలేదు. ఘాటు పడదు ఆయనకి, తుమ్ములొస్తాయి," అంది. కాసేపటికి కాఫీ అడిగింది.

ఐదున్నరకి కరుణాకరం వచ్చాడు. చెప్పులు విప్పుతుండగానే ఫోన్ మోగింది. ఆయనకి స్పీకర్ పెట్టి మాట్లాడే అలవాటు.

"సార్, మేడమ్ గారి మెయిల్ చూశాం," అన్నాడు ఏజెంటు. గొంతు చిన్నబోయి ఉంది. "సార్, మస్తానమ్మ గారికి ఆధార్ కార్డు ఉందటండీ?"

కరుణాకరం రెండో చెప్పు విప్పడం మరిచిపోయాడు. అవతల ఏజెంటు చెప్పుకుపోతున్నాడు, నిజమైన ఆవిష్కర్త తనేనని సార్ సంతకం చేసి ఉన్నారని, రెండేళ్ళుగా వాడుకలో ఉన్నదానికి పేటెంటు రాదని, ఈ అప్లికేషన్ వెనక్కి తీసుకోవడమే మంచిదని. కరుణాకరం ఫోన్ పెట్టేసి హైమావతి వైపు చూశాడు. అరవలేదు. అరవడం ఆయనకి రాదు.

"ఏం పని చేసినావు హైమా? నేను రాయమన్నది నా అభిప్రాయం గదా!"

"అవును. రాద్దామనే కూర్చున్నా. కానీ ఆ ప్రోగ్రాం గురించి మీ అభిప్రాయం ఏందో ఎంత ఆలోచించినా నాకు తెలీలేదు. అందుకని నాది పంపినా."

మంచం మీద రామతులసమ్మ కాఫీ గ్లాసు పక్కన పెట్టి కొడుకు ఏమంటాడోనని చూస్తోంది. హైమావతి లాప్‌టాప్ తెచ్చి కొత్త పేజీ తెరిచి, ఆయన ముందుకు కుర్చీ లాగి వేసింది.

"ఇంకా అరగంట టైముంది. మీది మీరు రాసుకోండి. పది నిమిషాల పని."